మెప్పుకు నిలబడ్డవాడు

అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మునివెంకటప్ప నొక్కాడు. తోలు వేళ్ళకు అంటుకుని ఉండిపోయింది. పప్పు గిన్నెలోకి దూకింది. తోలును చేటలో విదిలించి ఇంకో గింజ అందుకున్నాడు.

రాత్రి నానబెట్టిన గింజలు రెండు శేర్లు. తెల్లవారి అయిదింటికి కూర్చున్నాడు. ఏడైంది. సగం కూడా కాలేదు. గోనెపట్టా పరుచుకున్నా బంగళా వెనక వసారా బండల చలి తొడల్లోకి ఎక్కుతోంది. పాకాల స్టేషను వైపు నుంచి మంచులో ఒక గూడ్సు బండి ఎంతకీ తెగకుండా పోతోంది. నీళ్ళలో నానిన వేళ్ళు తాబేటి మెడలా ముడతలు పడ్డాయి.

పితకడానికి ఒక కొలత ఉంది. ఎక్కువ నొక్కితే పప్పు రెండుగా చీలుతుంది. తక్కువ నొక్కితే తోలు వదలదు. గోరు తగిలితే ఉడికేటప్పుడు అక్కడే విరిగి పితికిపప్పు కూరలో పులుసు చిక్కబడుతుంది. తిరుపతిలో ఇప్పుడు పితికిన పప్పును సంచుల్లో పోసి అమ్ముతున్నారు. మేనేజరు ఒకసారి తెచ్చి ఇచ్చాడు. మునివెంకటప్ప వాసన చూసి, ఎవరి వేళ్ళో తెలియని పప్పు తను వండనని తిరిగి ఇచ్చేశాడు.

అతనికి అరవై ఆరేళ్ళు. పొట్టి మనిషి. కుడిచేతి మీద మోచేతి దాకా నూనె చిట్లిన మచ్చలు. మీసం తెల్లబడింది గానీ పొయ్యి పొగకు నడిమధ్యలో పసుపు తిరిగింది. ముప్పై నాలుగేళ్ళుగా ఈ బంగళాలో వంటమనిషి. దీన్ని ఎవరో తెల్లదొర కట్టించాడని చెప్పుకుంటారు. ఇప్పుడు ఒక కాంట్రాక్టరు చేతిలో ఉంది. అతని తరఫున జయచంద్ర అనే మేనేజరు చూసుకుంటాడు. ఎన్నికలకు వచ్చేవాళ్ళు, భూమి కొలతలకు వచ్చేవాళ్ళు, కొండకు పోతూ ఒక పూట ఆగే పెద్దవాళ్ళు ఇక్కడ తింటారు.

మునివెంకటప్ప బడి అయిదో తరగతితో అయిపోయింది. మిగతాదంతా పెద్దవాళ్ళు తినడం చూసి నేర్చుకున్నాడు. ఆకలి ఉన్నవాడు రుచి చెప్పడు. రుచి చెప్పేవాడికి ఆకలి ఉండదు. పదవి కొత్తగా వచ్చినవాడు మొదటి ముద్దకే ఉప్పు తక్కువైందంటాడు. ఉప్పు తెచ్చి పక్కన పెడితే వేసుకోడు. అతనికి కావలసింది ఉప్పు కాదు, తన మాటకు ఎవరో ఒకరు పరుగెత్తడం. పదవిలో పాతబడినవాడు ఏమీ అనడు, తిని లేస్తాడు. పదవి ఊడబోతున్నవాడు మాత్రం వంటమనిషి పిల్లల పేర్లు అడుగుతాడు.

పెద్దాయన బాగుందంటే పక్కనున్న పదిమందికీ బాగుంటుంది. ఆయన చెయ్యి ఆగితే పది విస్తళ్ళలో చేతులు ఆగుతాయి. ఒకసారి ఒకాయన పంటి కింద రాయి పడి ముఖం చిట్లించాడు. కారం ఎక్కువైందేమో అనుకుని పక్కవాళ్ళంతా గబగబా నీళ్ళు తాగారు.

గోనెపట్టా పక్కన పెట్టిన ఫోను మోగింది. కూతురు మహిత. రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పని. అక్కడే ఒక గది తీసుకుని ఉంటోంది. షిఫ్టుకు పోయే ముందు రోజూ ఈ వేళకే చేస్తుంది. మునివెంకటప్ప తడిచేతిని పంచెకు తుడుచుకున్నాడు.

"ఏం జేస్తాండావు నాయనా?"

"పితుకుతాండా."

"ఆయప్పకేనా?"

ఆ పొద్దు మధ్యాహ్నం బంగళాకు వస్తున్నది చెంగల్రాయుడు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల అతని మాట లేనిదే వీధి దీపం వెలిగేది కాదు. అయిదేళ్ళ కిందట పదవి పోయింది. మళ్ళీ కావాలని ఊరూరూ తిరుగుతున్నాడు.

"అమ్మను సంపినోడికి పితికిపప్పు," అంది మహిత.

"వస్తాడు. తింటాడు. పోతాడు. నీకేల పాపా."

"విషం పెడితే కేసవుతాది. ఉప్పెక్కువెయ్యి. ఉప్పుకు కేసుండదు."

మునివెంకటప్పకు నవ్వొచ్చింది. "ఉప్పు నా చేతిలోనే ఉండాది. నా చెయ్యే నా మాట ఇనదు."

"నువ్వట్లనే అను. పెట్టేస్తాండా, బస్సొచ్చింది."

ఫోను పక్కన పెట్టి అతను గింజ అందుకున్నాడు. కొలత తప్పింది. పప్పు చీలింది. దాన్ని నోట్లో వేసుకుని నమిలాడు.

ఎనిమిదింటికి జయచంద్ర మోటారు సైకిలు మీద వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, చెవులకు మఫ్లరు చుట్టుకున్నాడు. రోజూ వంటగది గడప బయటే నిలబడి మాట్లాడేవాడు ఆ పొద్దు లోపలికి వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూడగానే మునివెంకటప్పకు ఏదో అడగబోతున్నాడని తెలిసిపోయింది.

"మునెంకటప్పా, ఈ పొద్దు వడ్డన నీది గాదు. మనుషుల్ని పిలిపించినా. నువ్వు టేబిలు కాడ కూర్చోవాల."

"ఎవురి టేబిలు?"

"ఆయప్ప పక్కన. ఆయనే నీకు ఆకేసి వడ్డిస్తాడు. వడ్డించేముందు చేతులు జోడించి తప్పయిందని అడగతాడు. అందరి ముందర."

"దేనికి?"

"దేనికేందప్పా. దొరసానమ్మక్క సంగతికి."

మునివెంకటప్ప చేతిలో ఉన్న గింజను నొక్కలేదు. "ఆయప్పకు ఎవురు చెప్పినారు?"

"నేనే చెప్పినా. ఆయన మనిషి వచ్చి, ఈ పక్క ఆయన వల్ల కష్టపడినోళ్ళు ఎవురన్నా ఉండారా అని అడిగినాడు. నువ్వు గుర్తొచ్చినావు. నీ మంచికే చెప్పినా సూడు. పాపకు తిరుపతిలోనే మంచి పని సూపిస్తామన్నారు."

చెంగల్రాయుడు ఇప్పుడు చేస్తున్న పని అదే. ఊరికి ఒకరిని వెతికి క్షమాపణ అడుగుతున్నాడు. చంద్రగిరిలో రోడ్డు కోసం ఇల్లు పోగొట్టుకున్న ముసలామె పక్కన నేల మీద కూర్చున్నాడట. ఇంకో ఊళ్ళో ఎప్పుడో చెంప మీద కొట్టిన డ్రైవరు చేత తన చెంప మీద కొట్టించుకున్నాడట. డ్రైవరు మెల్లగా కొట్టాడు. జనం గట్టిగా చప్పట్లు కొట్టారు. మునివెంకటప్ప అదంతా ఫోనులో చూశాడు. పదవి ఉన్నప్పుడు పొగడ్త తింటారు, పదవి పోయాక క్షమాపణ తింటారు. రెండింటికీ విస్తరి ఒకటే.

"నేనేం మాట్లాడాల?" అన్నాడు.

"మాటెందుకప్పా. తల ఊపు. సాలు."

"ఊపకపోతే?"

జయచంద్ర నవ్వి లేచాడు. "ఊపనోడికి మాత్రం యాడ దొరకతాది ఇట్లాంటి మర్యాద," అంటూ మోటారు సైకిలు దగ్గరికి పోయాడు.

మహితకు తెలిసిన కథ, జయచంద్రకు తెలిసిన కథ, ఊరందరికీ తెలిసిన కథ ఒకటే. పదకొండేళ్ళ కిందట ఇదే చలికాలంలో మునివెంకటప్ప భార్య దొరసానమ్మకు గుండెల్లో నొప్పి వచ్చింది. తిరుపతి పెద్దాసుపత్రిలో చేర్చారు. పక్కన పదహారేళ్ళ మహిత ఒక్కతే ఉంది. ఆ మర్నాడు చెంగల్రాయుడు బంగళాలో భోజనానికి వచ్చాడు. ఆయన తిని లేచేదాకా వంటమనిషిని వదల్లేదు. మునివెంకటప్ప ఆసుపత్రికి చేరడానికి ఇరవై అయిదు నిమిషాల ముందు ఆమె పోయింది. కథ అది.

జరిగింది అది కాదు.

ఆ రోజు పన్నెండింటికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. రమ్మన్నారు. వడ్డించి పొమ్మని జయచంద్ర అన్నాడు. అన్నవాడే బాడుగ ఆటో పిలిపించి గేటు దగ్గర నిలబెట్టాడు కూడా. తర్వాత పెద్దవాళ్ళ వెనక తిరుగుతూ ఆ సంగతే మరిచిపోయాడు. ఒకటిన్నరకు ఆఖరి విస్తరిలో పెరుగు పడింది. మునివెంకటప్ప పని అయిపోయింది. అతన్ని ఎవరూ పట్టుకోలేదు. చెంగల్రాయుడికి ఇలాంటి మనిషి ఒకడున్నాడనీ, అతనికి ఒక భార్య ఉందనీ తెలియదు. గేటు తెరిచే ఉంది. ఆటో డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

మునివెంకటప్ప వెళ్ళలేదు. భోజనాల గది తలుపు పక్కన నిలబడ్డాడు.

ఎందుకంటే పితికిపప్పు మూడోసారి అడిగి వేయించుకుంటూ, ఎవరు వండారు ఇది, అని చెంగల్రాయుడు అడగడం వినబడింది. తినడం అయ్యాక వంటమనిషిని పిలిపించడం ఆ బంగళాలో వాడుక. పిలుపు వస్తుంది. ఒక్క నిమిషంలో వస్తుంది. ఆ మాట విని పోదామనుకున్నాడు. చెంగల్రాయుడు చెయ్యి కడుక్కున్నాడు. ఎవరితోనో ఫోనులో మాట్లాడాడు. తమలపాకులకు సున్నం రాసుకున్నాడు. ఇంకో నిమిషం. ఇంకో నిమిషం.

మెప్పు వినడానికి కూడా ఒక నిలబడే తీరు ఉంది. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవాలి. ఎడమచేత్తో కుడి మోచెయ్యి పట్టుకోవాలి. తల కొంచెం వంచాలి, మరీ వంచితే ముఖం కనబడదు. నవ్వు పెదవి దాటకూడదు. నలభై నిమిషాలు అలా నిలబడ్డాడు. చివరికి పిలుపు వచ్చింది. "నీ చేతికి బంగారు కంకణం తొడగాలయ్యా," అన్నాడు చెంగల్రాయుడు. గదిలో అందరూ అవునన్నారు. మునివెంకటప్పకు ఒళ్ళంతా తియ్యగా అయింది. ఆ తీపి ఆటో చంద్రగిరి దాటేదాకా ఉంది.

ఆ రోజు వండిన పప్పు పితికింది దొరసానమ్మ. ముందు రోజు సాయంత్రం, నొప్పి రాకముందు, ఇంటి గడపలో కూర్చుని రెండు శేర్లూ ఒక్కతే పితికింది. ఆమె వేళ్ళకు చీలిన పప్పంటూ ఉండేది కాదు.

నలభైలో ఇరవై అయిదు పోతే పదిహేను. పదిహేను నిమిషాలు ఆమె దగ్గర కూర్చునేవాడు. ఈ లెక్క వేయని రోజు పదకొండేళ్ళలో లేదు.

ఆసుపత్రి వరండాలో మహిత అడిగింది, ఇంతసేపేమైంది నాయనా అని. వాళ్ళు వదల్లేదు పాపా, అన్నాడు. అంతే. ఆ పిల్ల ఆ ఒక్క మాట మీద చెంగల్రాయుణ్ణి పదకొండేళ్ళు తిట్టింది. తండ్రిని పదకొండేళ్ళు ప్రేమించింది. తల్లి లేకపోయినా, అన్యాయమైపోయిన తండ్రి ఒకడు మిగిలాడని నెలకోసారి వచ్చి అతని గోళ్ళు తీసి, తలకు నూనె రాసి పోతుంది. ఆ మాట అబద్ధమని తెలిస్తే ఆ నూనె ఉండదు. పొద్దున ఆ ఫోను కూడా ఉండదు. అతనికి ఇక మిగిలి ఉన్నది అదొక్కటే.

పదింటికి కోళ్ళు కోసి ముక్కలు చేశాడు. పదిన్నరకు మసాలా నూరాడు. కొబ్బరి, గసాలు, అల్లం, తెల్లగడ్డలు, ధనియాలు. బంగళాలో రెండు మిక్సీలు ఉన్నా పితికిపప్పు మసాలా రోటిలోనే నూరతాడు. పప్పు ఉడుకు పట్టింది. అప్పుడు మళ్ళీ ఫోను మోగింది. పనివేళల్లో మహిత ఎప్పుడూ చేయదు.

"జయచంద్రమామ ఫోన్ జేసినాడు నాయనా," అంది. గొంతు తడిగా ఉంది. "నిజమేనా?"

"అట్లనే అంటాండారు."

"పదకొండేండ్లు. అమ్మ పేరు వాడి నోట్లో నుంచి వస్తాది. అందరి ముందర. ఒంటిగంటకు మాకు బువ్వ టైము. ఫోన్లో లైవు పెడతారంట, సూస్తా. నా బల్ల మీద కూర్చునే పిల్లోళ్ళకంతా చెప్పేసినా, మా నాయన వస్తాడు సూడండి అని."

"పాపా," అన్నాడు. "ఆ పొద్దు…"

"ఏంది నాయనా?"

రోటి దగ్గర ఒక కాకి వాలింది. దాన్ని అదిలించాడు.

"పోపు మాడతాండాది," అన్నాడు.

"సరే సరే. మంచి సొక్కా ఏసుకో. పొగ వాసన కొట్టేది ఏసుకోవాకు."

పోపు ఇంకా పెట్టనే లేదు.

అబద్ధం ఎవరికీ నష్టం చేయడం లేదు. అదే విచిత్రం. చెంగల్రాయుడికి చప్పట్లు. మహితకు న్యాయం. జయచంద్రకు పెద్దవాళ్ళ చూపు. తనకు కూతురు. నిజం చెబితే ఈ నలుగురిలో ఒక్కరికీ మెతుకు రాలదు. తల ఊపుతానని మునివెంకటప్ప అనుకున్నాడు. ఊపితే పోయేదేముంది.

ఆ రోజు వంట ఎన్నడూ లేనంత కుదిరింది. దానికి కూడా కోపం వచ్చింది అతనికి. చేతులకు సిగ్గు లేదు. ఎవరి కోసమైనా బాగా వండుతాయి.

పన్నెండు ముప్పావుకు కార్లు వచ్చాయి. చెంగల్రాయుడు దిగాడు. పదవిలో ఉండగా నల్లగా నిగనిగలాడిన జుట్టుకు ఇప్పుడు రంగు వేయడం మానేశాడు. తెల్లగడ్డం నాలుగు రోజులది పెంచాడు. మోకాళ్ళు నొప్పేమో, మెట్టుకు ఒకసారి ఆగాడు. చెడ్డ ముఖం కాదు. నలుగురూ సంతోషపడితే తనూ సంతోషపడే ముఖం. అలాంటి ముఖాలకే పదవులు వస్తాయి. అలాంటి ముఖాలను నమ్మే జనం చప్పట్లు కొడతారు.

జయచంద్ర మునివెంకటప్పను వంటగది నుంచి చెయ్యి పట్టి తీసుకుపోయాడు. భోజనాల గదిలో ముప్పై మంది ఉన్నారు. సగం మంది చేతుల్లో ఫోన్లు నిలువుగా లేచి ఉన్నాయి. పొడుగాటి టేబిలు నడిమధ్య కుర్చీలో అతన్ని కూర్చోబెట్టారు. ముప్పై నాలుగేళ్ళలో ఆ కుర్చీల్లో ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చుంటే టేబిలు ఇంత ఎత్తుగా ఉంటుందని తెలియదు.

చెంగల్రాయుడు ఒక ఆకు తీసుకుని అతని ముందర పరిచాడు. ఎడమకు ఉండాల్సిన కొసను కుడివైపుకు తిప్పి పరిచాడు. ఎన్ని వందల విస్తళ్ళ ముందు కూర్చున్నాడో గానీ, ఆకు ఎటు వేస్తారో ఎప్పుడూ చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు. నీళ్ళు చల్లడం మరిచిపోయాడు. తర్వాత కూర గిన్నె అందుకున్నాడు. సంగటి ఇంకా రాలేదు. ముందు కూర పోశాడు. ఆకు కింది భాగంలో, ముద్ద పెట్టాల్సిన చోట. పితికిపప్పు నాలుగు పక్కలకూ పాకింది. జయచంద్ర పళ్ళు బిగించాడు గానీ నోరు తెరవలేదు.

చెంగల్రాయుడు గిన్నె దించి చేతులు జోడించాడు.

"పదకొండేళ్ళ కిందట," అన్నాడు, "నేను ఇదే గదిలో తృప్తిగా భోంచేశాను. నా ఆకలి తీరేదాకా ఈ పెద్దాయన నిలబడ్డాడు. ఆ వేళకు ఆయన భార్య దొరసానమ్మ గారు ఆసుపత్రిలో ప్రాణాలు విడుస్తున్నారు. ఆయన ఒక్క మాట అనలేదు. ఎవరినీ నిందించలేదు. అంత ఓర్పు, అంత పనిమీద భక్తి ఉన్న మనిషిని నేను నా జీవితంలో చూడలేదు. ఈ జిల్లాలో ఎంతోమంది పెద్దలను సన్మానించాను. వాళ్ళెవరూ ఈయన కాలిగోటికి సరిపోరు."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగ నీళ్ళు కావు. తన మాటలకు తనే కరిగే మనిషి. గదిలో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

మునివెంకటప్ప తల ఊపడానికి సిద్ధంగానే ఉన్నాడు. అప్పుడు తన శరీరంలో జరుగుతున్నది అతనికి తెలిసింది. ఎడమచెయ్యి తనంతట తనే వచ్చి కుడి మోచేతిని పట్టుకుంది. తల కొంచెం వంగింది, ముఖం కనబడేటంత. నవ్వు పెదవి దాకా వచ్చి ఆగింది. ఒళ్ళు తియ్యగా అవుతోంది. దొరసానమ్మ చావు మీద నిలబడి మళ్ళీ అదే తీపి. పదకొండేళ్ళలో ఒక్క చుక్క తగ్గలేదు.

లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి జరిగి గీరుకుంది.

"సామీ, ఆ తప్పు మీది గాదు," అన్నాడు.

గదిలో చప్పట్లు మోగాయి. క్షమించాడనుకున్నారు. చెంగల్రాయుడు రెండు చేతులూ చాచాడు, కౌగలించుకోవడానికి. మునివెంకటప్ప ఒక అడుగు పక్కకు జరిగాడు. చప్పట్లు ఆగేదాకా ఉన్నాడు.

"మీరు నన్ను ఆపలా. నేనెవురో కూడా మీకు తెలీదు. ఒకటిన్నరకు నా పని అయిపాయె. ఆటో గేటు కాడ ఉండె. నేనే పోలా. అదో, ఆ తలుపు కాడ నిలబడినా. నలభై నిమిషాలు."

"ఎందుకు?" ఎవరో అడిగారు.

"ఈయప్ప పిలిచి బాగుండాదని చెప్పేది ఇందామని."

చెంగల్రాయుడు ముందుగా తేరుకున్నాడు. ఇరవై అయిదేళ్ళు జనంలో నలిగిన మనిషి. ఫోన్ల వైపు తిరిగాడు. "చూశారా," అన్నాడు మెత్తగా. "నా తప్పును కూడా తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఇదీ దొడ్డ మనసంటే."

మళ్ళీ చప్పట్లు. ఈసారి ఇంకా గట్టిగా.

మునివెంకటప్ప ఆ చప్పట్ల మధ్య నిలబడి చూశాడు. ఎటు తిరిగినా పొగడ్తే. నిజం చెప్పినా పొగడ్తే. వీళ్ళ చేతికి ఏది చిక్కినా శాలువా అవుతుంది.

"నెత్తినేసుకునేది గాదు సామీ," అన్నాడు. గొంతు పెరిగింది. "నాది నేను తీసుకుంటాండా. మీకు పదవి పోయినా కార్లుండాయి. మనుషులుండారు. రేపు ఇంకో ఊరుండాది, ఆడ ఇంకో తప్పు దొరకతాది. నాకుండేది ఈ తప్పొకటే. దాన్ని గూడా మీకియ్యను."

ఈసారి చప్పట్లు లేవు. వెనక వరసలో ఒకడు కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. చెంగల్రాయుడి ముఖంలో నుంచి తడి ఎండిపోయింది. దగ్గరికి వంగి, ఫోన్లకు వినబడకుండా, తన ఊరి మాటలో అన్నాడు.

"కూర్చోప్పా. అందురూ సూస్తాండారు."

"సూడనీండి. సూడాల్సినోళ్ళు గూడా సూస్తాండారు."

తనకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఫోను వైపు తిరిగాడు. దాన్ని పట్టుకున్న కుర్రవాడు దించాలో వద్దో తెలియక అలాగే పట్టుకున్నాడు. మునివెంకటప్ప ఆ చిన్న గాజు చుక్కలోకి చూశాడు. అందులో ఏమీ కనబడలేదు.

"పాపా. వాళ్ళు వదల్లేదని ఆ పొద్దు నీకు చెప్పినా. అబద్ధం. నన్నెవురూ పట్టుకోలా. మీయమ్మ పితికిన పప్పుకు నేను మెప్పు తీసుకుంటా నిలబడిపోయినా. నేను వస్తాండా. తిట్టాలంటే ఎదురుగా తిట్టు."

కుర్రవాడు అప్పుడు ఫోను దించాడు.

మునివెంకటప్ప భోజనాల గదిలో నుంచి నడిచి వంటగదిలోకి పోయాడు. తువ్వాలు భుజం మీదే ఉంది. చెప్పులు వేసుకున్నాడు. సంచిలో చొక్కా, దువ్వెన, మాత్రల సీసా పెట్టుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళకు అంతకంటే సామాను పోగుపడలేదు. జయచంద్ర వెనకే వచ్చాడు. చెవి మఫ్లరు ఊడి భుజం మీద వేలాడుతోంది.

"నీకేమన్నా పట్టిందా? నోట్లోకొచ్చే ముద్దను కాలదన్నినావు గదప్పా. రేపట్నించి రావాకు. నేను చెప్పేది గాదు, పైవోళ్ళు చెప్తారు."

"చెప్పనీ. సంగటి దించి అయిదు నిమిషాలయింది. సల్లారితే రాయి అవుతాది. ముందు పోయి వాళ్ళకు పెట్టు."

"నా మాటకు జవాబు చెప్పు."

"చెప్పినా గదా, సంగటి గట్టిపడతాదని."

గేటు దాటి ఎండలోకి వచ్చాడు. మంచు ఎప్పుడో విడిపోయింది. స్టేషను దాకా పావుగంట నడక. దారిలో చెంగల్రాయుడి బోర్డులు పదకొండు ఉన్నాయి, ప్రతి దాంట్లో చేతులు జోడించి. మునివెంకటప్ప ఏ ఒక్కదాన్నీ తలెత్తి చూడలేదు. పంచె కొస నేల మీద పడకుండా ఎత్తి పట్టుకుని, రైలు పట్టాల పక్క కాలిబాటలో నడిచాడు. చొక్కా పొగ వాసన కొడుతూనే ఉంది.

తిరుపతికి టికెట్టు తీసుకున్నాడు. అక్కణ్ణుంచి రేణిగుంటకు బస్సు. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీలో కూర్చుని ఫోను తీసి చూశాడు. ఒంటిగంటా ముప్పై ఎనిమిది. వాళ్ళ బువ్వ టైము ఎనిమిది నిమిషాల కిందటే అయిపోయి ఉంటుంది. చూసి ఉంటుంది. చూసి, ఆ బల్ల మీది పిల్లలకు ఏం చెప్పి ఉంటుందో. ఫోను మోగలేదు. తను చేయలేదు. దూరం నుంచి చెప్పేది ఒకటి ఇందాకే చెప్పాడు, చాలు. షిఫ్టు అయిదున్నరకు వదులుతారు. గేటు దగ్గర నిలబడతాడు. ఆమె ముఖం తిప్పుకుని పోవచ్చు. పోతే మళ్ళీ రేపు నిలబడతాడు. నిలబడడం అతనికి కొత్త కాదు.

ఎదురు బెంచీలో ఒక ముసలామె తాంబూలం నములుతూ పలకరించింది.

"యాడికి పోతాండావన్నా?"

"కూతురింటికి."

"పిలిచిందా?"

"లేదు."

"పిలవకపోయినా పోవాల. కూతురింటికి పిలుపేంది," అంది ఆమె.

బండి వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. పాకాల వెనక్కి జరిగింది. సిగ్నలు స్తంభాలు, మామిడి తోటలు, ఇటుక బట్టీ పొగ. మునివెంకటప్ప ఫోనును తొడ మీద పెట్టుకుని, రెండు చేతులూ దాని పక్కన ఉంచి కూర్చున్నాడు. ఏ చెయ్యీ ఏ మోచేతినీ పట్టుకోలేదు.

బంగళాలో భోజనాలు మూడింటిదాకా సాగాయి. చెంగల్రాయుడు టేబిలు ఆ చివరకు మారి, రెండు ముద్దలు తిని లేచాడు. బాగుందని అనలేదు. అందుకని ఎవరూ అనలేదు. కార్లు వెళ్ళాక వడ్డనవాళ్ళు వరసగా విస్తళ్ళు ఎత్తారు. నడిమధ్య కుర్చీ ముందున్న ఆకు దగ్గరికి వచ్చి ఆగారు. పెద్దాయన స్వయంగా వేసిన ఆకు. తీయమని చెప్పడానికి జయచంద్రకు నోరు రాలేదు, ఉంచమని చెప్పడానికీ రాలేదు. సాయంత్రందాకా అది అక్కడే ఉంది, కొస కుడివైపుకు తిరిగి, ముద్ద ఉండాల్సిన చోట ఎవరూ తాకని కూర అంచు దాటి తెల్లగుడ్డ మీదికి పసుపుగా పాకుతూ.